నా దగ్గుకు కొట్టిన కొబ్బరికాయ

నాకు క్యాన్సర్ తగ్గింది. మందులకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఏళ్ల తరబడి ఎక్కించిన కీమో, ఛాతీకి ఇచ్చిన రేడియేషన్, ఆ తర్వాత రోజూ మింగిన మాత్రలు అన్నీ కలిసి మెడ పక్కన, చంకల్లో లేచిన గడ్డలను కరిగించాయి. అంతటితో ఊరుకోకుండా దగ్గర్లోనే ఉన్నాయి కదా అని ఊపిరితిత్తుల మీద కూడా కాస్త చేయి చేసుకున్నాయి. హైదరాబాద్‌లో డాక్టర్ స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోట సాలెగూడులాగా తెల్లటి గీతలు.

"ఇక్కడ గట్టిపడింది. ఇది వెనక్కి రాదు. ముందుకు పోకుండా చూసుకుందాం" అన్నాడు.

నేను జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వెనక్కి రానివి మా సబ్జెక్టులో చాలానే ఉంటాయి కాబట్టి కంగారు పడలేదు. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చున్నాక కాసేపు పడ్డాను. రైలు టైం అవుతుంటే లేచాను.

ఆ తర్వాత తెలిసిందేమిటంటే, ఊపిరి సరిపోని మనిషికి ముందుగా ఇబ్బంది వచ్చేది పరుగు దగ్గర కాదు, జోకు దగ్గర. ఒక గుక్కలో ముగించాల్సిన జోకుకు నాకు మూడు గుక్కలు పట్టేది. సరిగ్గా నవ్వాల్సిన మాట ముందు గాలి అయిపోయేది. జనం ఎదురుచూసేవాళ్లు. ఎదురుచూసి ఎదురుచూసి, మాట వచ్చేసరికి రెట్టింపు నవ్వేవాళ్లు. ఇరవై ఏళ్లుగా సాగదీసి పాడుచేసిన జోకులు ఈ జబ్బు వల్ల బాగుపడ్డాయి. చిక్కల్లా నేను వాళ్లతో కలిసి నవ్వకూడదు. నవ్వితే దగ్గు, దగ్గితే కళ్ల ముందు చుక్కలు. అందుకని నా జోకులకు నేనొక్కణ్ణే గంభీరంగా ఉంటాను. క్లాసులో పిల్లలైతే సార్ ఇప్పుడు ఆగి ఆగి చెబుతున్నారు, నోట్సు రాసుకోవడానికి బాగుందని ప్రిన్సిపాల్‌కు చెప్పారట. ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి మెప్పు అది.

ఇంట్లో మా ఆవిడ పొగ మీద యుద్ధం ప్రకటించింది. అగరుబత్తీలు పోయాయి, దోమల చుట్టలు పోయాయి. ఎండుమిరపకాయల పోపు పెట్టాలంటే చిన్న గ్యాసు పొయ్యి పట్టుకుని పెరట్లోకి నడుస్తుంది. పక్కింటివాళ్లకు దగ్గు వస్తే మా ఇంట్లో పప్పుచారు అని అర్థం.

ఇక నడకకు, మెట్లకు ఒక మిషన్ ఇచ్చారు. గాలిలోంచి ఆక్సిజన్ లాగి, సన్న గొట్టంతో ముక్కుకు అందిస్తుంది. భుజానికి తగిలించుకుంటే ఇన్సూరెన్స్ ఏజెంటులా ఉంటాను. దాంతోపాటు ఊపిరి వదిలే పద్ధతి కూడా నేర్పారు. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, ముందున్న దీపం వణకాలే కానీ ఆరకూడదన్నట్టు మెల్లగా ఊదాలి. పద్ధతి మంచిదే. కానీ చూసేవాళ్లకు అది అచ్చం ఈల వేస్తున్నట్టు ఉంటుంది. ఒకరోజు జనగామ బస్టాండులో అలా ఊదుతూ కూర్చుంటే ఎదురుగా ఉన్న ఒకామె లేచి వచ్చింది.

"ఏమయ్యా, నెత్తి నెరిసింది, ఇంకా ఈలలేంది?"

జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. చేత్తో గొట్టం చూపించాను. ఆమె గొట్టం చూసింది, నా ముఖం చూసింది, పక్కన కూర్చుని బస్సు వచ్చేదాకా విసనకర్రతో విసిరింది.

ఇదంతా ఇలా ఒక దారిన పడుతుండగా మా అక్క మొక్కు బయటికొచ్చింది.

అక్కది తొర్రూరు. బావకు అక్కడ ఎరువుల దుకాణం. నేను కీమోలో బాగా చిక్కిపోయి, మంచం మీదున్నది నేనా దుప్పటా అని వెతుక్కోవాల్సిన రోజుల్లో, అక్క దవాఖాన వరండాలో నిలబడి అమ్మవారికి మొక్కిందట. మొగుళ్లపల్లి దిక్కు గుట్ట కింద రెండేళ్లకోసారి జరిగే వనదేవతల జాతరలో, నా ఎత్తు బెల్లం అమ్మవారు కొలువుండే గద్దెకు సమర్పిస్తానని. మా వైపు జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. మనిషిని తూకంలో ఒకవైపు, బంగారాన్ని ఇంకోవైపు పెట్టడం అందరూ చేసేదే. మా అక్క అక్కడితో ఆగలేదు. "నా తమ్ముడు తన కాళ్ల మీద నడుసుకుంట గద్దె దాకా వస్తడు" అని కూడా కలిపింది. ఎత్తుకుని పోవద్దు, బండి మీద పోవద్దు. నడవాలి.

మొక్కింది చిక్కిన తమ్ముడి మీద. తీర్చాల్సింది వేరే తమ్ముడి మీద. ఊపిరితిత్తుల వాపుకు నెలల తరబడి ఇచ్చిన స్టెరాయిడ్‌తో నాకు ఆకలి వేసింది. మామూలు ఆకలి కాదు. అన్నం తింటూ సాయంత్రం ఏం తినాలో ఆలోచించే ఆకలి. ముఖం పూర్ణిమ నాటి చంద్రుడిలా తేలింది. చాలా రోజుల తర్వాత నన్ను చూసిన అక్క గడపలోనే ఆగిపోయింది.

"ఓరి తమ్మీ! తల్లిని ఒక్కణ్ణి కాపాడుమంటే ఇద్దర్నిచ్చిందేందిరా?"

బావ వెనక నుంచి అన్నాడు. "బెల్లం దుకాణపాయనకు జెప్పుండ్రి, పండుగ జేసుకుంటడు."

అక్కకు బెల్లం బెంగ లేదు. ఆమె బెంగంతా నా కాళ్లు, అంటే నా ఊపిరి. బండ్లు ఆగే చోటు నుంచి గద్దె దాకా మట్టిబాట, పైగా కొంచెం ఎత్తు. నేనేమో అప్పటికి మా గేటు నుంచి కిరాణా కొట్టు దాకా పోవడానికి మధ్యలో కరెంటు స్తంభం దగ్గర ఆగి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నటించేవాణ్ణి. ఈ మొక్కు సగంలో ఆగితే తమ్ముడి ఊపిరి కూడా సగంలోనే ఆగుతుందని అక్క నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు తక్కువ. కానీ అంత దూరం నా అంతట నేను నడవగలనా, ఇక మీదట కరెంటు స్తంభమే నా పొలిమేరా అన్నది నాకూ తెలుసుకోవాలనిపించింది. అక్కతో ఆ మాట అనలేదు. "నీ కోసం వస్తున్న" అన్నాను. పెద్దమనసు చూపించడం నాకు అలవాటే.

డాక్టర్‌ను అడిగితే దుమ్ము వద్దు, పొగ వద్దు, గుంపులు వద్దు, కోళ్లూ మేకలూ ఉన్నచోట ఎక్కువసేపు ఉండొద్దు అన్నాడు. ఈ వద్దన్నవన్నీ ఒకచోట చేరిస్తే దానిపేరే జాతర అని నేను చెప్పలేదు. ఆయనకే తట్టినట్టుంది, నవ్వాడు. "అసలు జాతరకు ముందే పొద్దున్నే వెళ్లి రండి. మాస్కు తీయొద్దు. ఆయాసం వస్తే కూర్చోండి. ఆక్సిజన్ ఉంది, నిప్పు దగ్గరికి అసలు పోవద్దు" అన్నాడు.

కాలేజీ మైదానంలో సాధన మొదలుపెట్టాను. గొట్టం, సంచీ, సున్నా చుట్టిన పెదవులు. మొదట్లో ఒక గోల్‌పోస్టు నుంచి రెండో గోల్‌పోస్టుకు చేరితే పండుగ. తర్వాత చుట్టూ తిరిగాను. ఆట ఆడే పిల్లలు బంతి నా దిక్కు వచ్చినప్పుడల్లా "సార్, తన్నండి!" అని అరిచేవాళ్లు. ఒకరోజు తన్నాను. గోల్ పడలేదు, నేనూ పడలేదు. రెండూ చెప్పుకోదగ్గవే.

జాతరకు రెండు రోజుల ముందు మా ఆవిడతో కలిసి తొర్రూరులో అక్క ఇంటికి చేరాను. ఆ సాయంత్రమే బెల్లం దుకాణంలో తూకం. బస్తాలు తూచే కాటా మీద నిలబడుతూ, న్యాయంగా ఉండాలని మిషన్ సంచీ తీసి మా ఆవిడ చేతికివ్వబోయాను.

"గదెందుకు తీస్తున్నవ్?" అంది అక్క.

"నువ్వు మొక్కింది నన్ను గదక్కా. మిషన్‌ను కాదు."

"నీ పానం ఉన్నదే దాంట్లనాయె. ఇప్పుడు దాన్ని ఇడిసిపెట్టి తూస్తే, తల్లి నీ పానం ఇడిసిపెట్టి మిగిలింది కాపాడితే ఏం జేస్తవ్?"

దుకాణదారు ఈ వాదన శ్రద్ధగా విన్నాడు. "అక్క జెప్పేదే కరెక్టు సారు. తూకంల లేంది కొట్లాటకు దారి" అన్నాడు. ఆయనకు బెల్లం అమ్ముడుపోయే తీర్పు ఎటువైపో తెలుసు. మిషన్‌తో సహా ఎక్కాను. చెప్పులు తీయమనలేదు, అవి కూడా నడుస్తాయట కదా అని.

మర్నాడు తెల్లారగానే బావ కారులో బయల్దేరాం. అక్క నా ముఖానికి పసుపు రాసి, నొసట ఇంత బండారి బొట్టు పెట్టి, తలకు పసుపు తువ్వాలు చుట్టింది. పైన మాస్కు, కింద గొట్టం. అద్దంలో చూసుకుంటే నాకే నమస్కారం పెట్టాలనిపించింది.

ముందుగా పోతే జనం తక్కువ ఉంటారని అనుకున్నాం. అక్కడికి చేరాక, మిగతా జనమంతా కూడా అదే అనుకున్నారని తెలిసింది.

బండ్ల దగ్గర దిగి నడక మొదలుపెట్టాను. ముందు బావ, నెత్తిన బెల్లం మూట. మిగతా మూటలు ఆయన పనివాళ్ల భుజాల మీద. నా పక్కన అక్క, రెండో పక్కన మా ఆవిడ. అక్క ఆ రోజు నా పోలీసు. అగరుబత్తి వెలిగించుకుని ఎవరు దగ్గరికొచ్చినా అడ్డం పడేది. "ఓ చెల్లే, అగ్గి అటు పట్టు! మా తమ్ముని ముక్కుల గ్యాసు ఉన్నది, పేలుతది!" పేలదని, కానీ అంటుకుంటుందని సరిచేద్దామనుకుని ఊపిరి ఆదా చేశాను. జనం మాత్రం చటుక్కున జరిగారు.

గాజుల దుకాణం దగ్గర ఆగాను. బొమ్మల కొట్టు దగ్గర ఆగాను. ప్రతిచోటా కొనేవాడిలా ధర అడిగాను. సగం బాట దాటాను. బాగానే ఉంది అనుకున్నాను. అలా అనుకున్నప్పుడే ఏదో ఒకటి జరుగుతుంది.

డప్పుల వెనకాల ఒక గుంపు వచ్చింది. ఒకామె చేతిలో కుండపెంకు, నిండా నిప్పులు, దాని మీద ఊదు. గాలి మళ్లింది. ఆ తెల్లటి పొగంతా వచ్చి నా ముఖానికి కొట్టింది. అక్క అడ్డం వచ్చేలోపే దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒళ్లంతా ఊగిపోయి, మాస్కు జారి, తువ్వాలు ఊడి, మధ్యమధ్యలో పెదవులు సున్నాలా చుట్టి ఊఁ... ఊఁ... అని ఊదుతూ. పైగా డప్పు దరువుకు సరిగ్గా సరిపోయింది.

గుంపులో ఒక అవ్వ కేకేసింది. "సిగం వచ్చింది! తల్లి వచ్చింది!"

ఒంటి మీదికి అమ్మవారు రావడాన్ని మా వైపు సిగం అంటారు. క్షణంలో నా చుట్టూ ఒక వలయం. డప్పులవాళ్లు ఉత్సాహంగా దరువు పెంచారు. ఎవరో నా కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు. సిగమూగేవాళ్లకు ఊదు పొగ పట్టడం ఆనవాయితీ గనుక, ఆ కుండపెంకు మళ్లీ నా దిక్కు రావడం మొదలుపెట్టింది.

అక్క రెండు చేతులూ చాపి నిలబడింది. "తల్లి కాదవ్వా, దగ్గు! మా తమ్మునికి ఊపిరితిత్తులు బాలెవ్వు!"

అవ్వ జాలిగా చూసింది. "సిగమొచ్చినోళ్ల ఇంటోళ్లు గట్లనే అంటరు బిడ్డా, భయంతోని."

"ముక్కుల గా పైపు జూడు! దవాఖానోళ్లు పెట్టిన్రు!"

"కొత్తతీరు ముక్కుపుల్లేమో" అంది ఇంకొకామె.

అవ్వ నా ముందు మోకరిల్లి చేతులు జోడించింది. "చెప్పు తల్లీ. ఏం గావాలె నీకు? కల్లు సాక పొయ్యన్నా? కోడినియ్యన్నా? అడుగు."

ఏం కావాలో నాకు చాలా స్పష్టంగా తెలుసు. ఉన్న కాస్త గాలీ పోగుచేసి అన్నాను. "పొగ... వద్దు."

అవ్వ లేచి గుంపు వైపు తిరిగింది. ఆమెకు ఊపిరితిత్తులు దివ్యంగా ఉన్నాయి. "తల్లికి పొగ వద్దంట! ఆర్పుర్రి! అందరు ఆర్పుర్రి!"

ఆర్పారు. కుండపెంకు మీద నీళ్లు పడ్డాయి. అగరుబత్తీలు మట్టిలో గుచ్చుకున్నాయి. నా వెనక ఎవరో చుట్ట కూడా ఆర్పారు. మా ఇంట్లో నెలల తరబడి మా ఆవిడ సాధించింది ఇక్కడ ఒక్క మాటతో అయింది. ఆమె ముఖంలో కొంచెం అసూయ చూశాను.

"ఇంకేం గావాలె తల్లీ?"

"గాలి. జర... జరుగుర్రి."

జరిగారు. నా ముందు గద్దె దాకా బాట తెరుచుకుంది. చల్లటి పొద్దుటి గాలి నేరుగా వచ్చి తగిలింది. కింద కూర్చున్నాను. దీపం ఆరకుండా ఊదాను, ఊదాను. మా ఆవిడ నా వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న మీటరు తగిలించి, అంకెలు పైకి ఎక్కేదాకా కదలనివ్వలేదు. అవ్వ ఆ మీటరుకు కూడా దండం పెట్టింది. అక్క నా ముఖంలోకి వంగింది. పసుపు రాసుకున్న ముఖంలో ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"తమ్మీ, వాపస్ పోదాం రా. మొక్కు లేదు, ఏం లేదు. నేనే తల్లికి జెప్పుకుంట."

నేను లేచి గద్దె వైపే నడిచాను. నేను మెల్లగా నడిస్తే జనమూ మెల్లగా నడిచారు. నేను ఆగితే ఆగారు. డప్పు కూడా నా ఊపిరికి తగ్గట్టు నిదానించింది. నా ముందర ఎవరో కొబ్బరికాయ కొట్టారు. జీవితంలో ఎన్నో మీటింగులకు పోయాను, ఎక్కడా ఇంత మర్యాద చూడలేదు. అలా గద్దె దాకా పోయాం. అక్క బంగారం సమర్పించి, నేలకు నొసలు ఆనించి చాలాసేపు లేవలేదు.

దూరంగా నిప్పులేని చోట కూర్చున్నాక, మనసు ఊరుకోక, అవ్వను పిలిచి నిజం చెప్పాను. "అవ్వా, నాకు సిగం రాలేదు. క్యాన్సర్ మందులతోని ఊపిరితిత్తులు పాడైనయి. పొగకు దగ్గొచ్చింది. అంతే."

అవ్వ నా బుగ్గ నిమిరింది. "నీకెట్ల ఎరుకైతది బిడ్డా? వచ్చినోళ్లకు ఎరుకుండదు."

దీన్ని కాదని తేల్చే ప్రయోగం ఏదీ నాకు తట్టలేదు.

అవ్వ వెళ్లిపోయింది. అక్క ముఖం మాత్రం మారిపోయింది. కాసేపు బెల్లం ముక్క చేతిలో తిప్పుతూ కూర్చుని, బావను అడిగింది. "ఏమయ్యా, ఒకవేళ నిజంగనే తల్లి వచ్చి ఉంటే?"

"ఉంటే మంచిదే గదా?"

"ఏం మంచిది? అప్పుడు నడిసింది తల్లి గదా? నా తమ్ముడు యాడ నడిసిండు? వాని కాళ్ల మీద వాడు వస్తడని మొక్కిన నేను!"

బావ నెత్తి పట్టుకున్నాడు. "ఇగ మల్ల తూకం మొదలువెడుతదా ఏంది?"

నేను నవ్వబోయి ఆపుకున్నాను. అక్క నవ్వడం లేదు. రెండేళ్లు మోసిన మొక్కు, నెత్తిమీది నుంచి దించుకున్నాననుకున్న నిమిషంలోనే మళ్లీ ఎక్కింది ఆమెకు. అప్పటికే బావ నన్ను కారు దాకా దించడానికి తెలిసినాయన మోటార్‌సైకిల్ పిలిపించాడు. అది వచ్చి ఆగింది.

"అక్కా, తల్లి యాడుంటది?" అని అడిగాను.

"గద్దె మీద."

"గద్దె కాడికి వచ్చినంక తల్లి దిగిపోతది గదా? నాతోని కారు దాకా రాదు గదా?"

అక్క ఆలోచించింది. "రాదు. ఎందుకొస్తది?"

"అయితే ఇక్కడి నుంచి నడిసేది నేనే."

మోటార్‌సైకిల్ ఆయనకు దండం పెట్టి పంపించేశాను. మాస్కు సర్దుకున్నాను. తువ్వాలు తీసి సంచీలో పెట్టాను, పసుపు కడుక్కున్నాను. బాట వంపు ఇప్పుడు కిందికే, కానీ పొద్దెక్కింది, దుమ్ము లేచింది, జనం ఎదురుగా వరదలా వస్తున్నారు. ఒక్కరూ జరగలేదు. ఒక్కరూ దండం పెట్టలేదు. మేకను లాక్కుపోతున్న ఒకాయన తాడు నా కాళ్లకు చుట్టుకుంటే విప్పుకున్నాను. గాజుల దుకాణం ముందు కూర్చున్నాను. కొంటవా, కొనవా అని దుకాణం ఆమె గద్దించింది. లేచి మళ్లీ నడిచాను. అక్క నా పక్కనే వస్తోంది, నా అడుగులోనే అడుగు వేస్తూ, చేయి మాత్రం పట్టుకోకుండా. పట్టుకుంటే లెక్కలోకి రాదని భయం.

బండ్లు కనిపించే చోట బాట ఇరుకైంది. నేను ఆగి, పెదవులు చుట్టి ఊదుకుంటున్నాను. వెనక నుంచి ఒక పడుచు గొంతు విసుక్కుంది.

"ఓ పెద్దమనిషీ! బాట మొత్తం ఆగింది, జర నడువరాదే!"

అక్క ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. కొట్లాటకేమో అనుకున్నాను. కాదు. ముఖం వెలిగిపోతోంది.

"నడుస్తుండు గదనే బిడ్డా!" అంది. "జూస్తలెవ్వా? నడుస్తుండు!"